శంకరం పెట్టని సంతకం

కెట్లింగ్, మిన్నెసోటా
జూన్ 14, 1982

ఒరేయ్ మూర్తీ,

బుధవారం నేను లైబ్రరీ నుంచి భోజనానికి ఇంటికొచ్చి గిన్నె మూత తీస్తుండగా ఫోన్ మోగింది. ఎవరో మగమనిషి గొంతు. "కంగ్రాచ్యులేషన్స్ మిసెస్ కోట, మీ అబ్బాయిని డ్రాఫ్ట్ చేశాం" అన్నాడు.  డ్రాఫ్ట్ అంటే నాకు తెలిసింది ఒకటే, సైన్యంలోకి పట్టుకుపోవడం. మేం ఈ ఊరొచ్చిన కొత్తలో మా వీధి చివరి ఇంట్లో పెద్దవాణ్ణి డ్రాఫ్ట్ చేశారు. వియత్నాం వెళ్ళాడు, తిరిగి రాలేదు. "ఇప్పుడు యుద్ధం ఎక్కడ జరుగుతోంది బాబూ?" అని అడిగాను.  అతను ఒకటే నవ్వు.

సాయంత్రం మీ బావగారు తను పనిచేసే ఇనుము ప్లాంట్ నుంచి వచ్చి వివరంగా చెప్పారు. మన శంకరం ఆడే మంచు మీది హాకీలో డబ్బిచ్చి ఆడించుకునే పెద్ద టీములున్నాయట. ఏటా జూన్‌లో దేశంలోని కుర్రాళ్ళలో తమకు కావలసినవాళ్ళ పేర్లు చదువుతారట. నాలుగో విడతలో భీమశంకర్ కోట అని చదివారు. వాడు ముందు కాలేజీకి వెళ్ళి చదువుకోవచ్చు. కాలేజీ వదిలాక ఆరు నెలల దాకా మాత్రం ఇంకే టీమూ వాడి జోలికి రాకూడదు. ఆ లోపల సంతకం పెడితే ఆ టీము మనిషి. తాంబూలాలు పుచ్చుకుని పెళ్ళి నాలుగేళ్ళు వాయిదా వేసినట్టుంది నాకు.

ఊరంతా పండగ. హార్డ్‌వేర్ షాపు ముందు "మన బీమ్!" అని బోర్డు పెట్టారు. భీమ్ అనడం ఇక్కడ ఎవరికీ నోరు తిరగదు. మీ బావగారు నా చేత వంద లడ్డూలు చేయించి, నెత్తిమీద ఆ ఇనుప టోపీతోనే ప్లాంటంతా తిరిగి పంచారు.

వాడికి పదేళ్ళప్పుడు మంచు రింకులో పడి కనుబొమ్మ చీలి ఏడు కుట్లు పడ్డాయి, గుర్తుందా? ఇక ఈ ఆట వద్దని నేను తెగేసి చెప్పాను. ఆయన సరేనన్నారు. ఆ తర్వాత రెండు నెలలు లెక్కల ట్యూషన్ అని చెప్పి రోజూ వాణ్ణి రింకుకే తీసుకెళ్ళారు. తడిసిన మేజోళ్ళు ఉతుకుతుంటే బయటపడింది. నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు నేను. ఇప్పుడు ఊరు ఊరంతా ఆయన్ని మెచ్చుకుంటోంది. ఓడిపోయాను. నిజం చెప్పాలంటే సంతోషంగానే ఉంది.

సెప్టెంబరులో వాడు విస్కాన్సిన్ కాలేజీలో చేరుతున్నాడు. మాకు ఏడు గంటల దూరం, నీకు రెండు గంటలు. మా ఇంట్లో ఫోన్ హాల్లో ఉంటుంది, మీ బావగారు పక్కనే ఉంటారు. అందుకని ఉత్తరమే రాయి. వాడికి జలుబు చేసినా నాకు తెలియాలి. దాచావంటే ఊరుకోను.

అక్కయ్య


అరోరా, ఇల్లినాయ్
డిసెంబర్ 5, 1982

అక్కయ్యా,

నిన్న జయంతీ నేనూ మన శంకరం ఆట చూసొచ్చాం. నాకీ ఆట అర్థం కాదు. నల్లటి రబ్బరు బిళ్ళ ఎక్కడుందో కనిపించేలోపు ఇంకెక్కడికో పోతుంది. మనవాడు మాత్రం కనిపించాడు. వీపు మీద "కోట" అని పెద్ద అక్షరాలు. తమ గోలు ముందు నిజంగానే కోట కట్టినట్టు నిలబడ్డాడే! మీదికొచ్చినవాడు వచ్చినట్టే చెక్క గోడకి కొట్టుకుని కింద పడుతున్నాడు. జయంతి అరుపులకి ముందు వరసలవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

నా పక్కన కూర్చున్న పెద్దాయన, "మీవాడా? వాళ్ళ దేశంలో మంచు పడుతుందా?" అని అడిగాడు. "వాడి దేశం మిన్నెసోటా. బాగా పడుతుంది" అన్నాను.

రెండు వారాలకోసారి ఆదివారం మా ఇంటికి వస్తున్నాడు. ముద్దపప్పు, ఆవకాయ, అరడజను గుడ్లు. మేమిద్దరం వారం తినేది ఒక్క పూటలో తినేస్తున్నాడు. జయంతికి పట్టరాని ఆనందం. మా ఇంట్లో పిల్లలు లేని వెలితి నీకు చెప్పేదేముంది. ఆదివారం వాడి బూట్లు గుమ్మంలో ఉంటే ఇల్లు ఇల్లులా ఉంటుంది.

దాచడానికి ఏమీ లేదు. జలుబు కూడా లేదు.

నీ తమ్ముడు
మూర్తి


కెట్లింగ్
ఫిబ్రవరి 2, 1986

ఒరేయ్ మూర్తీ,

ఈ మధ్య ఫోనుల మీదే బండి లాగిస్తున్నాం. ఇది ఫోనులో చెప్పే సంగతి కాదు.

ప్లాంట్ మూసేసి ఎనిమిది నెలలైంది. మీ బావగారు మొదట్లో అప్లికేషన్లు పంపేవారు. యాభై మూడేళ్ళ మెటలర్జిస్టు ఎవరికి కావాలి? ఇప్పుడు పొద్దున్నే గడ్డం గీసుకుని రింకు దగ్గర కాఫీ కౌంటర్‌కి వెళ్ళి కూర్చుంటున్నారు. ఉద్యోగాలు పోయిన మగవాళ్ళంతా అక్కడే. అందరికీ ఒకటే మాట, బీమ్ ఏప్రిల్‌లో సంతకం పెడతాడు, బీమ్ టీవీలో కనిపిస్తాడు. ఉన్నవన్నీ పోయిన ఊరికి మన కుర్రాడొక్కడు మిగిలాడురా.

టీము తరఫు మనిషి నవంబరులో స్వయంగా ఇంటికొచ్చాడు. నా చేతి పులిహోర తిని, కాలేజీ ఆటలు పూర్తవగానే కాగితాలు తెస్తానన్నాడు. మీ బావగారు అప్పుడే ఫొటోగ్రాఫర్‌తో మాట్లాడి పెట్టుకున్నారు.

ఇప్పుడు అసలు సంగతి. మోకాలు బెణికిందనీ, కొన్ని వారాలు ఆడననీ శంకరం జనవరిలో చెప్పాడు. సరే. కానీ ఫోనులో "అమ్మా" అంటాడు, ఆ తర్వాత మాట ఉండదు. ఎందుకు చేశాడో మర్చిపోయినట్టు. మొన్న చారు అనడానికి "అదే, ఆ నీళ్ళు, అన్నంలో పోసుకునేవి" అన్నాడు. మోకాలు బెణికితే మాట ఎందుకు తడబడుతుందిరా? ఎవరైనా అమ్మాయా? చదువులో ఏమైనా వెనకపడ్డాడా? నువ్వు కళ్ళతో చూస్తున్నవాడివి. రాయి.

అక్కయ్య


అరోరా
ఫిబ్రవరి 16, 1986

అక్కయ్యా,

అమ్మాయీ లేదు, గిమ్మాయీ లేదు. నువ్వు అనవసరంగా కంగారు పడుతున్నావు.

శంకరం కొన్నాళ్ళుగా మా ఇంట్లోనే ఉంటున్నాడు. డార్మిటరీలో గోల ఎక్కువ, ఇక్కడైతే విశ్రాంతి. బాగా నిద్రపోవాలని జయంతి వాడి గది కిటికీలకి దుప్పట్లు కట్టింది. పుస్తకాలు చదివి కళ్ళు అలిసిపోయాయి, అందుకని వాడి హిస్టరీ పాఠాలు జయంతే పైకి చదువుతుంటే వింటున్నాడు. మంచు మీద ఎండ పడితే కళ్ళకి గుచ్చుకుంటుందని నల్లద్దాలు కొనిచ్చాను, సినిమా హీరోలా ఉన్నాడు. మోకాలు మెల్లగా సర్దుకుంటోంది. మాట సంగతంటావా, తెలుగు అలవాటు తప్పుతోంది, అంతే.

ఇక్కడ మన గుడి పని చురుగ్గా సాగుతోంది. ఈ వేసవికి ప్రతిష్ఠ జరుగుతుందంటున్నారు. చలి విపరీతం. నా కారు మూడుసార్లు మొరాయించింది. బావగారికి నమస్కారాలు. మార్చి ఒకటిన సీజన్ చివర్లో జరిగే ప్లేఆఫ్ ఆటకి మీ ఊరివాళ్ళంతా వ్యాన్‌లో వస్తున్నారట, సంతోషం. నువ్వూ రాకూడదూ? అంత దూరం కూర్చోలేవనుకుంటా. వద్దులే.

మూర్తి


కెట్లింగ్
ఏప్రిల్ 20, 1986

ఒరేయ్ మూర్తీ,

శంకరం సంతకం పెట్టలేదు.

పోయిన శనివారం, పన్నెండో తారీఖున, టీము మనిషి కాగితాలు తెచ్చాడు. మీ బావగారు పెళ్ళిళ్ళకి వేసుకునే సూటు వేసుకున్నారు. ఫొటోగ్రాఫర్ భోజనాల బల్ల దగ్గర లైట్లు పెట్టాడు. ఆ లైట్లు చూసి శంకరం మొహం తిప్పుకున్నాడు. పెన్ను చేతికిస్తే బల్ల మీద పెట్టేసి, "నేను సైన్ చేయను" అన్నాడు.

"ఏం కావాలి నీకు? చెప్పు, మాట్లాడదాం" అన్నాడు ఆ మనిషి.

"నాకేం వద్దు."

ఆయన మీ బావగారి వైపు తిరిగి మెల్లగా చెప్పాడు. ఈ మధ్య కొందరు కాలేజీ కుర్రాళ్ళు ఇలాగే చేస్తున్నారట. ఆరు నెలలు ఊరుకుంటే తమని ఎంచుకున్న టీముకి హక్కు పోతుంది. తర్వాత ఎవరెక్కువిస్తే వాళ్ళ దగ్గరికి పోవచ్చు. "అంతేనా బాబూ?" అని వాణ్ణే అడిగాడు. శంకరం తల వంచుకుని "అలాగే అనుకోండి" అన్నాడు.

వాళ్ళు వెళ్ళాక మీ బావగారు అరిచిన అరుపులు నా పెళ్ళయ్యాక ఎన్నడూ వినలేదు. "ఈ ఊళ్ళో నాకు మిగిలింది నువ్వొక్కడివేరా! నిన్ను చూసుకునే బయటికి వెళ్తున్నాను. ఇంకా డబ్బు కావాలా నీకు?" అన్నారు. వాడు రెండు చేతులతో చెవులు మూసుకుని కూర్చున్నాడు. అది పొగరనుకుని ఆయన ఇంకా రెచ్చిపోయారు.

గురువారం మా ఊరి పేపర్లో వచ్చింది, కెట్లింగ్ పెంచిన బిడ్డకి కెట్లింగ్ ఆశలు చౌకగా కనిపించాయని. ఆ పేపరు లైబ్రరీలో కర్రకి తగిలించాల్సింది నేనే. తగిలించాను. నా బల్ల ముందే కూర్చుని ఇద్దరు చదివారు. హార్డ్‌వేర్ షాపువాడు కొత్త బోర్డేదో పెట్టాడు, పెయింట్ల ధరలు.

నా కొడుకు డబ్బు కోసం ఇలా చేసేవాడు కాదు. అది నాకు తెలుసు. కానీ నన్ను వదలకుండా పీడిస్తున్నది ఇంకొకటి. వెళ్ళేటప్పుడు గుమ్మంలో నన్ను పట్టుకుని, "అమ్మా, నాన్న మీద కోపం పెట్టుకోకు" అన్నాడు. నాకెందుకురా ఆయన మీద కోపం? కోపమంతా ఆయనకి కదా, అదీ వీడి మీద? వాడు చెప్పినదాంట్లో నాకు తెలియనిదేదో ఉంది. నీకు తెలుసు. ఆ కిటికీల దుప్పట్లు, నల్లద్దాలు, అన్నీ మళ్ళీ చదువుకున్నాను.

నా మీద ఒట్టు, ఉన్నదున్నట్టు రాయి. ఈసారి ఇంటికి కాదు, లైబ్రరీ అడ్రసుకి.

అక్కయ్య


అరోరా
ఏప్రిల్ 29, 1986

అక్కయ్యా,

శంకరానికి మాటిచ్చాను. ఆ మాట ఇప్పుడు తప్పుతున్నాను.

మోకాలు కాదు, తల. జనవరి పదకొండున ఆటలో ఒకడు వెనక నుంచి గుద్దితే వీడి తల అద్దాల గోడకి కొట్టుకుంది. లేచాడు, ఆట పూర్తి చేశాడు. కాలేజీ డాక్టర్ కళ్ళలోకి లైటు వేసి చూసి పరవాలేదన్నాడట. మర్నాడు మా ఇంటికి బయల్దేరాడు. రెండు గంటల దారి. నాలుగు గంటలైనా రాలేదు. అప్పుడు ఎవరో రైతు భార్య ఫోన్ చేసింది, మీ అబ్బాయి మా పొలం దారిలో కారాపుకుని కూర్చున్నాడు, పర్సులో ఈ నంబరు దొరికిందని. దారి మధ్యలో ఉండే రాక్‌ఫర్డ్ ఊరు అవతలికి వెళ్ళాను. మంచులో కారు బానెట్ మీద కూర్చుని ఉన్నాడు, కోటు కూడా లేకుండా. నన్ను చూసి, "మావయ్యా, నేను రోడ్ మర్చిపోయింది. ఎక్కడికి డ్రైవ్ చేస్తున్నానో కూడా మర్చిపోయింది" అన్నాడు. నాలుగేళ్ళుగా వచ్చే దారి అక్కయ్యా.

మా స్నేహితురాలు డాక్టర్ సుమతి నరాల స్పెషలిస్టు. ఆవిడ పనిచేసే హాస్పిటల్లోనే స్కాన్ తీయించింది. మెదడుకి దెబ్బ తగిలింది, రక్తం రాలేదు, వెలుతురూ చప్పుడూ లేకుండా ఉంచండి, ఈ సీజన్లో మళ్ళీ ఆడకూడదు అంది. వాడి ముందే, నా ముందే చెప్పింది. ఫిబ్రవరిలో నేను నీకు రాసిన ఉత్తరం ఆ చీకటి గది పక్కన కూర్చునే రాశాను.

ఇక్కడి దాకా చెప్పడం సులువు.

ఫిబ్రవరి చివరికి తలనొప్పి తగ్గింది. ప్లేఆఫ్ దగ్గరపడింది. ఒకరోజు వంటింట్లో నా ఎదురుగా కూర్చుని, "మావయ్యా, నువ్వు చెప్పు. ఆడనా?" అని అడిగాడు. జయంతి బజారుకెళ్ళింది. ఇంట్లో మేమిద్దరమే. నేను వద్దంటే వాడు ఆగేవాడు. ఆగాలనే అడిగాడని నాకిప్పుడు అనిపిస్తోంది. నేను, "ఒక్క ఆటే కదా, సీజన్ ముగించు. ఆ తర్వాత తీరిగ్గా చూద్దాం" అన్నాను.

ఎందుకన్నానో కారణాలు వెతుక్కున్నాను. నేను పనిచేసే ల్యాబులోవాళ్ళు ఆరుగురు టిక్కెట్లు కొనుక్కున్నారు. బావగారు వ్యాన్‌లో వస్తున్నారు. ఇవన్నీ సాకులు. వాడు ఆడుతుంటే చూడాలని నాకు ఆశగా ఉంది, అంతే. ఆ స్టేడియంలో ఎవరైనా "కోట!" అని అరిస్తే అది నా పేరే అన్నట్టు ఉండేది నాకు.

ఆట రెండో పీరియడ్‌లో ఎవరిదో భుజం వాడి తలకి తగిలింది. పెద్ద దెబ్బ కూడా కాదు. పడ్డాడు, లేచాడు, లేచి నేరుగా అవతలి టీము బెంచీ మీదికి వెళ్ళి కూర్చున్నాడు. జనం పగలబడి నవ్వారు. జయంతి అప్పటికే మెట్లు దిగి పరిగెడుతోంది. నేను కదల్లేకపోయాను. ఆట అయ్యాక, బావగారి ముందు మాత్రం నిలబడి నవ్వాడు, మీ ఊరి వ్యాన్ కదిలేదాకా చేయి ఊపాడు. వ్యాన్ మలుపు తిరగ్గానే నా వైపు తిరిగి, "నాన్న ఎప్పుడొస్తాడు?" అన్నాడు.

ఇంకొక్క దెబ్బ తగిలితే మనిషి మనకి దక్కకపోవచ్చని సుమతి గారు చెప్పారు. వాడు ఇక ఆడడు. ఆ నిర్ణయం వాడిదే. నిజం చెప్పి సంతకం మానేయొచ్చు కదా అన్నాను. వాడేమన్నాడో వాడి మాటల్లోనే రాస్తున్నాను. "అమ్మకి తెలిస్తే నాన్నని ఎప్పటికీ ఫర్‌గివ్ చేయదు. టెన్ ఇయర్స్ అప్పుడు అమ్మ వద్దంది, నాన్న తీసుకెళ్ళాడు. నాన్నకి జాబ్ పోయింది. అమ్మ కూడా పోతే ఏం చేస్తాడు? నన్ను గ్రీడీ అనుకోనీ మావయ్యా. ఇట్స్ ఓకే."

వాడు బావగారిని కాపాడుతున్నాడని నాకు నేను చెప్పుకున్నాను. ఆ మాట చాటున నన్ను నేనూ కాపాడుకున్నాను.

మూర్తి


కెట్లింగ్
మే 6, 1986

కృష్ణమూర్తికి,

ఉత్తరం అందింది.

వాడు నన్ను అడగలేదు. తండ్రిని అడగలేదు. నిన్ను అడిగాడు.

శంకరాన్ని డాక్టర్‌కి చూపించే తేదీలు, వేసుకుంటున్న మందుల పేర్లు జయంతిని రాయమను. నువ్వు రాయకు.

విజయశ్రీ


అరోరా
జులై 27, 1986

అక్కయ్యా,

రాయొద్దన్నావు. జయంతి ఉత్తరాలకి నువ్వు జవాబిస్తున్నావు, అందులో నా పేరు ఉండటం లేదు. క్షమించమని అడగడానికి కాదు ఇది. జయంతికి తెలియని విషయం ఒకటుంది, అది నేనే చెప్పాలి.

నీకు చెప్పేశానని మే నెలలోనే శంకరానికి చెప్పాను. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఐదో రోజు పొద్దున కాఫీ తాగుతూ, "అమ్మ ఏడ్చిందా?" అన్నాడు. "ఉత్తరంలో తెలియదు కదరా" అన్నాను. "అయితే చాలా ఏడ్చింది" అన్నాడు.

రోజుకి రెండు పేజీలు చదవగలుగుతున్నాడు. మే నెలలో అరపేజీ. డిగ్రీకి ఇంకో కోర్సు మిగిలింది, నెమ్మదిగా పూర్తిచేయమన్నారు. కొత్త గుడికి తీసుకెళ్ళాను, గంటల చప్పుడికి తట్టుకోలేక బయటే కూర్చున్నాడు. నేనూ బయటే కూర్చున్నాను. ఫోన్ మోగితే ఉలిక్కిపడుతున్నాడు, నాన్నేమోనని. బావగారు ఫోన్ చేయడం లేదు.

ఇంతే.

మూర్తి


కెట్లింగ్
డిసెంబర్ 9, 1986

మూర్తీ,

నీ జులై ఉత్తరం నా బల్ల సొరుగులో ఉంది. జవాబు రాయలేదు, చించి పారేయనూ లేదు.

నిజం దాచారని నిన్నూ శంకరాన్నీ తిట్టుకుంటూ నేను చేసిందేమిటో తెలుసా? నాలుగు నెలలు మీ బావగారికి చెప్పలేదు. చెబితే నా నోట్లోంచి ఏమొస్తుందో నాకు తెలుసు. ఆయన పొద్దున్నే గడ్డం గీసుకుని బయల్దేరడం చూసి, ఈవేళ వద్దు, రేపు అనుకునేదాన్ని. రింకులో కూడా ఆయనతో ఎవరూ సరిగ్గా మాట్లాడటం లేదు. ఊరికే వెళ్ళి ఒక చివర కూర్చుని వచ్చేవారు.

సెప్టెంబరులో ఒక ఆదివారం బేస్‌మెంట్‌లోకి వెళ్ళాను. శంకరం గురించి పేపర్లలో వచ్చిన ముక్కలన్నీ పెట్టెలో సర్దుతున్నారు, పారేయడానికో దాచుకోవడానికో ఆయనకే తెలియదు. నిలబడే మొత్తం చెప్పాను. పొలం దారి, చీకటి గది, నిన్ను అడగడం, అవతలివాళ్ళ బెంచీ మీద కూర్చోవడం.

ఆయన చేతిలో కాగితం అలాగే ఉంది. "చూశాను విజయా" అన్నారు.

"ఏం చూశారు?"

"వాడు తప్పు బెంచీకి పోవడం. పక్కవాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను. వ్యాన్‌లో ఏడు గంటలూ, వాడు కావాలనే చేశాడు, జోక్ చేశాడు అని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. ఇంటికొచ్చేసరికి నమ్మేశాను."

అప్పుడు అన్నానురా. పన్నెండేళ్ళుగా ఒకదాని మీద ఒకటి పేర్చి పెట్టుకున్నవన్నీ అన్నాను. ట్యూషన్ అబద్ధం దగ్గర మొదలుపెట్టి, ఆ సూటూ ఫొటోగ్రాఫరూ దాకా. నా బిడ్డ దేనికి భయపడ్డాడో సరిగ్గా అదే చేశాను. ఆయన మర్నాడు బ్యాగు సర్దుకుని డులూత్‌లో ఉన్న పాత స్నేహితుడి దగ్గరికి వెళ్ళిపోయారు. ఆరు రోజులు ఫోన్ లేదు. ఏడో రోజు వచ్చి గుమ్మంలో నిలబడి, "లోపలికి రానా?" అని అడిగారు. ఆయన ఇంట్లోకి రావడానికి నన్ను అడిగారు. "రండి" అన్నాను.  ఇప్పటికీ మాట్లాడుకునేది తక్కువే. అన్నం వడ్డిస్తే తింటారు, గిన్నెలు ఆయనే కడుగుతారు.

నవంబరు చివర థాంక్స్‌గివింగ్ పండక్కి శంకరం బస్సులో వచ్చాడు. తండ్రీ కొడుకులు హాల్లో ఎదురెదురుగా నిలబడ్డారు. ఆయన వాడి కోటు తీసి తగిలించారు. బల్ల దగ్గర శంకరం నన్నేదో ఇవ్వమనబోయి మాట దొరక్క ఆగిపోయాడు. నేను అందించబోయాను. ఆయన నా చేయి పట్టుకుని ఆపారు. వాడు వెతుక్కుంటున్నాడు, ఆయన వాడి మొహమే చూస్తున్నారు. "నెయ్యి" అన్నాడు చివరికి. ఆయన నేతి గిన్నె వాడి ముందుకి జరిపి, లేచి వంటింట్లోకి వెళ్ళిపోయారు. కుళాయి తిప్పిన చప్పుడైంది. చాలాసేపు కట్టలేదు.

ఆ టీము గడువు నవంబరు మూడో వారంలోనే ముగిసింది. పండగ మర్నాడు, శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. ముగ్గురం హాల్లోనే ఉన్నాం. ఆయన తీశారు. ఇంకో టీము, తూర్పు తీరంలో. ఇప్పుడు మీవాడు ఫ్రీ కదా, మేం మంచి మాట చెబుతాం అంటున్నారు. నాకు అటు గొంతు కూడా వినిపిస్తోంది. శంకరం గోడకానుకుని నిలబడ్డాడు. వాడి మొహంలోకి ఒక్కసారి రంగొచ్చింది మూర్తీ. అది నేను చూశాను. ఆడలేనని తెలిసినా సరే, తనని ఇంకా ఎవరో అడుగుతున్నారని వాడి కళ్ళు మెరిశాయి. మీ బావగారూ చూశారు.

"మీరు చెప్పింది విన్నాను. వాడు ఆడడు" అన్నారు.

అవతలివాడు ఏదో అంకె చెప్పాడు.

"అంకె సంగతి కాదు. మా అబ్బాయి తలకి దెబ్బ తగిలింది. ఎప్పటికీ ఆడడు. దయచేసి మీ పుస్తకంలో వాడి పేరు కొట్టేయండి."

ఫోన్ పెట్టేశారు. శంకరం అక్కడే గోడ వెంబడి కిందికి జారి కూర్చుని ఏడ్చాడు. ఏడాదిగా ఏడవనివాడు. ఆయన పక్కనే నేల మీద కూర్చున్నారు. మోకాళ్ళు సహకరించక ఒరిగి ఒరిగి కూర్చున్నారు. "నాన్నా, నాకు ఆడాలని ఉంది" అన్నాడు వాడు. "తెలుసురా" అన్నారు ఆయన.  నేను ఆ ఇద్దరికీ దూరంగా నిలబడ్డాను. నా కోపం పోలేదు. కానీ దాన్ని తీసుకుని ఎక్కడికి వెళ్ళాలో ఆ క్షణంలో నాకు తోచలేదు.

శనివారం ఆయన రింకుకి వెళ్ళారు. కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి అందరికీ చెప్పారట. నా కొడుకు ఎక్కువ ధర కోసం ఆగలేదు, దెబ్బ తగిలి ఆగాడు, ఆ రోజు మనం నవ్వింది దానికే, అందరికంటే గట్టిగా నవ్వింది నేను అని. కొందరు టోపీలు తీశారు. కొందరు నమ్మలేదు, ఇప్పుడెందుకు చెబుతున్నావన్నారు. ఇంటికొచ్చి ఇదంతా నాకు చెప్పి, చాలా రోజుల తర్వాత కాఫీ అడిగారు. ఇచ్చాను.

పేపరువాళ్ళు ఏమీ వేయలేదు. వేస్తారనీ అనుకోను.

ఇక నీ సంగతి. నిన్ను క్షమించానని రాయడానికి పెన్ను పట్టుకుని మూడుసార్లు మానేశాను. రాదు. ఆ వంటింట్లో వాడు అడిగినప్పుడు నువ్వు అన్న మాట నా చెవిలో ఉంది, అది పోదు. అయితే మీ బావగారి నవ్వూ నా చెవిలోనే ఉంది, నేను ఆ ఇంట్లోనే ఉంటున్నాను. బానెట్ మీద కూర్చున్నవాడి దగ్గరికి పరిగెత్తుకు వెళ్ళినవాడివీ నువ్వే. జనవరి నుంచీ వాడు తింటున్న అన్నం మీ ఇంటిది.

జనవరి ఐదున డాక్టర్ సుమతి గారు వాణ్ణి మళ్ళీ చూస్తారని జయంతి రాసింది. ఈసారి వాడితో లోపలికి నేను వెళ్తాను. ఆవిడ చెప్పేది నా చెవులతో నేనే వినాలి. మూడో తారీఖు సాయంత్రం ఐదింటికి బస్సు చికాగో చేరుతుంది. జయంతిని పంపకు. నువ్వే రా. అక్కడి నుంచి మీ ఇంటికి గంట దారి, ఆ గంటలో నీతో ఏం మాట్లాడతానో నాకు తెలియదు. అరుస్తానేమో. అయినా నువ్వే రా.

అక్కయ్య